రెండు లక్షల ముప్పై వేల ఓట్ల తేడా: ఎన్నికలున్న దేశం అంతర్యుద్ధం అంచుకు ఎలా వెళ్తుంది, వెనక్కి ఎలా వస్తుంది

ఎన్నికలు క్రమం తప్పకుండా జరిగే దేశంలో కూడా అంతర్యుద్ధం వస్తుందా, వచ్చే ముందు ఏం కనిపిస్తుంది, ఆపడానికి నిజంగా పనికొచ్చేవి ఏమిటి అన్నది ప్రశ్న. వస్తుంది. కొన్నిచోట్ల ఎన్నికలే నిప్పురవ్వ అవుతాయి. సూత్రాలతో మొదలుపెడితే విషయం గాల్లో తేలిపోతుంది కాబట్టి కెన్యాను తీసుకుంటాను. అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చిన దేశం అది. ఎక్కడ తెగిందో, ఎక్కడ కుట్టు వేశారో విడివిడిగా చూడొచ్చు.

ముందు అంకెలు. 2007 డిసెంబర్ 27న జరిగిన అధ్యక్ష ఎన్నికలో అప్పటి అధ్యక్షుడు మ్వాయ్ కిబాకికి 45,84,721 ఓట్లు, ప్రతిపక్ష నేత రైలా ఒడింగాకు 43,52,993 ఓట్లు వచ్చాయని ప్రకటించారు. తేడా 2,31,728. తర్వాతి రెండు నెలల్లో 1,133 మంది చనిపోయారు, లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. ఇప్పుడు 2022 ఆగస్టు 9 ఎన్నిక చూడండి. విలియం రూటోకు 71,76,141, ఒడింగాకు 69,42,930. తేడా 2,33,211. దేశం అదే, ఓడినట్టు ప్రకటించిన మనిషీ అతనే, తేడా కూడా దాదాపు అంతే. ఈసారి ఒడింగా వకీళ్లు పిటిషన్ కాగితాలతో సుప్రీంకోర్టుకు వెళ్లారు. తీర్పు వచ్చింది, దేశం నిలబడింది. ఈ పదిహేనేళ్లలో మనుషుల స్వభావం మారిపోలేదు. ఓడినవాడి ముందున్న దారులు మారాయి. నా సమాధానమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

మాట వాడుక గురించి ఒక స్పష్టత. ప్రభుత్వం ఒక పక్షంగా, సాయుధంగా వ్యవస్థీకృతమైన మరో వర్గం ఇంకో పక్షంగా పోరాడుతూ, ఏడాదికి 1,000 మందికి పైగా పోరులో చనిపోతే దాన్ని అంతర్యుద్ధంగా లెక్కించడం పరిశోధకుల్లో బాగా వాడుకలో ఉన్న కొలత. ఆ లెక్కన 2008 కెన్యాది అంతర్యుద్ధం కాదు. రెండో వైపు సైన్యం లేదు, అసలు సైన్యంలో చీలిక రాలేదు. కానీ ఒక వర్గం కుర్రాళ్లు ముఠాలుగా ఏర్పడటం, వాళ్లకు ఎవరో డబ్బూ లారీలూ సమకూర్చడం, అవతలి వర్గం ప్రతీకార దళాలు కట్టడం అన్నీ మొదలైపోయాయి. అలాంటిచోట ఆరు నెలలు ఆలస్యమైతే ముఠాకు పేరు వస్తుంది, జెండా వస్తుంది, తుపాకీ వస్తుంది.

2007 డిసెంబర్ 30 సాయంత్రం ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. నైరోబీలోని కెన్యట్టా అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో ఫలితాలు చదువుతున్నారు. మొదట్లో ఒడింగా బాగా ముందున్నాడు. తర్వాత ఆ ఆధిక్యం కరుగుతూ వచ్చింది. కొన్ని నియోజకవర్గాల ఫలితాలు రెండు రోజులైనా రాలేదు. రిటర్నింగ్ అధికారుల ఫోన్లు పలకడం లేదని కమిషన్ చైర్మన్ శామ్యూల్ కివుయిటు స్వయంగా అన్నారు. హాల్లో గొడవ మొదలైంది. పారామిలిటరీ పోలీసులు దిగారు, విలేకరులను బయటికి పంపారు. చివరికి ఒక్క ప్రభుత్వ టీవీ కెమెరా ముందు ఫలితం చదివారు. గంట గడిచిందో లేదో, చీకటి పడుతుండగా అధ్యక్ష భవనం ఆవరణలో కిబాకి ప్రమాణ స్వీకారం అయిపోయింది. కొద్ది రోజులకే, కిబాకి నిజంగా గెలిచాడో లేదో తనకు తెలియదని కివుయిటు చెప్పారు.

ఓడిన పక్షం మద్దతుదారుడు కిసుములోనో కిబేరా బస్తీలోనో టీవీ ముందు కూర్చుని ఇదంతా చూశాడు. తన బూత్ అంకె ఏమైందో సరిచూసుకునే దారి అతనికి లేదు. ఫిర్యాదు చేద్దామంటే అప్పటికే ప్రమాణ స్వీకారం కూడా ముగిసింది. కోర్టుకు వెళ్లమంటే, అది వాళ్ల కోర్టే కదా అన్నాడు. అతను అలా అనడానికి కారణాలు ఉన్నాయి. 1992 ఎన్నికపై, అందులో ఓడిన అభ్యర్థి కెన్నెత్ మతిబా వేసిన పిటిషన్‌ను, ఆయన స్వయంగా సంతకం చేయలేదన్న కారణంతో కొట్టేశారు. నిర్బంధంలో ఉన్నప్పుడు వచ్చిన పక్షవాతంతో ఆయన సంతకం పెట్టలేని స్థితిలో ఉన్నారు, భార్య పెట్టారు. 1997 ఎన్నికపై పిటిషన్ వేసింది సాక్షాత్తూ ఈ కిబాకే. అధ్యక్షుడు మోయి చేతికి స్వయంగా నోటీసు అందించలేదని 1999లో దాన్నీ కొట్టేశారు. అధ్యక్షుడి చుట్టూ ఉండే భద్రతా వలయాన్ని దాటి నోటీసు చేతికి ఇచ్చేదెవరు? రెండు పిటిషన్లు, రెండు సాంకేతిక కారణాలు, అసలు విషయం మీద విచారణ సున్నా. అందుకే ఒడింగా పక్షం కోర్టుకు పోకుండా వీధిలోకి పిలిచింది. ఆ పిలుపును నేను సమర్థించను. కానీ న్యాయస్థానం పదిహేనేళ్లు తలుపు మూసుకుని కూర్చున్న దేశంలో జనం మరో తలుపు వెతుక్కుంటారన్నది ఊహించగలిగిన విషయమే.

ఎండుగడ్డి అప్పటికే పేరుకుని ఉంది. 2002లో కిబాకి, ఒడింగా కలిసి పోటీ చేశారు, పదవుల పంపకంపై ముందే ఒప్పందం రాసుకున్నారు. గెలిచాక దాన్ని పక్కన పెట్టారు. 2005 నవంబర్‌లో కొత్త రాజ్యాంగంపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఒడింగా వర్గం వ్యతిరేకంగా ప్రచారం చేసి గెలిచింది. దేశం తెగల వారీగా రెండు ముక్కలుగా విడిపోవడం ఆ ప్రచారంలోనే కంటికి కనిపించింది. ఎన్నికల కమిషనర్లను ప్రతిపక్షంతో సంప్రదించి నియమించాలని 1997లో పార్టీలు ఒక అవగాహనకు వచ్చాయి, చట్టంలో మాత్రం రాసుకోలేదు. 2007 నాటికి కిబాకి ఆ అవగాహనను వదిలేసి తానే నియమించారు. కివుయిటుకు 2002లో, 2005లో మంచి పేరే వచ్చింది. చైర్మన్ మంచివాడైతే చాలనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. వీటన్నిటి కింద రిఫ్ట్ వ్యాలీ భూముల తగాదా ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక అక్కడికి వచ్చి స్థిరపడిన, కిబాకి తెగవాళ్లైన కికుయులకూ, ఆ నేల మాదనే కలెంజిన్లకూ మధ్య నడుస్తున్న తగువు అది. 1992లోనూ 1997లోనూ ఎన్నికలప్పుడే అక్కడ ఇళ్లు తగలబడ్డాయి, పురికొల్పిన పెద్దల్లో ఎవరికీ శిక్ష పడలేదు. శిక్ష పడని హింస అచ్చుగుద్దినట్టు తిరిగి వస్తుంది.

2008 జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియాంబాలో, భయంతో చర్చిలో తలదాచుకున్న కికుయు మహిళలనూ పిల్లలనూ తలుపులు మూసి తగలబెట్టారు. జనవరి చివర్లో నైవాషా, నకురు పట్టణాల్లో కికుయు ముఠాలు ఒడింగా తెగవాళ్లైన లువోల మీద, కలెంజిన్ల మీద ప్రతీకారానికి దిగాయి. న్యాయమూర్తి ఫిలిప్ వాకి నేతృత్వంలోని విచారణ సంఘం తేల్చినదాంట్లో చాలామంది దాటవేసే అంకె ఒకటుంది. చనిపోయిన 1,133 మందిలో 405 మంది తుపాకీ గుళ్లకు చనిపోయారు. వీటిలో అత్యధికం పోలీసుల తూటాలే. కిసుములో పారిపోతున్నవాళ్లకు వెన్నులో తూటాలు తగిలిన ఆధారాలు దొరికాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మంటను ఆర్పింది ఏమిటి? ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వచ్చాడు, సంధి కుదిర్చాడు అని ఒక్క వాక్యంలో చెప్తుంటారు. పనిచేసింది పద్ధతి. ఆయన రాకముందు జనవరిలో మరికొందరు ప్రయత్నించి వెళ్లారు. ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులుంటే ప్రతి పక్షమూ తనకు నచ్చినవాడి దగ్గరికి పోతుంది, కాలం గడిచిపోతుంది. జనవరి 22న నైరోబీ చేరిన అన్నన్, మొజాంబిక్ మాజీ మంత్రి గ్రాసా మాచెల్, టాంజానియా మాజీ అధ్యక్షుడు బెంజమిన్ మ్కాపాల బృందం ముందుగా పట్టుబట్టింది ఒకే మధ్యవర్తిత్వం ఉండాలని. రెండు రోజులకే ఇద్దరు నాయకులూ కెమెరాల ముందు చేతులు కలిపారు. అది గ్రామాల్లోని కుర్రాళ్ల కోసం చేయించిన పని. తర్వాత ఎజెండాను నాలుగు భాగాలు చేశారు: హింస ఆపడం, బాధితులకు సాయం, రాజకీయ పరిష్కారం, చివరగా భూమి, రాజ్యాంగం, నిరుద్యోగం వంటి మూల సమస్యలు. మొదటి మూడింటికి రోజుల లెక్కన గడువు, నాలుగోదానికి ఏడాది. ఈ క్రమం తలకిందులైతే చర్చలు చరిత్ర పాఠంగా మారిపోతాయి, బయట మనుషులు చస్తూనే ఉంటారు. ఒప్పుకున్న ప్రతి అంశాన్నీ అప్పటికప్పుడు పత్రికలకు ఇచ్చారు, కాబట్టి వెనక్కి పోవడం కష్టమైంది. చెరో పక్షం నుంచి నలుగురు చొప్పున కూర్చున్న బృందం ఒకచోట ఆగిపోయింది. ఫిబ్రవరి 26న అన్నన్ ఆ బృందాన్ని పక్కకు తప్పించి, టాంజానియా అధ్యక్షుడు కిక్వెటెను వెంటబెట్టుకుని నేరుగా కిబాకి, ఒడింగాలతోనే కూర్చున్నారు. 28న సంతకాలయ్యాయి. ఒడింగాకు ప్రధానమంత్రి పదవి, మంత్రివర్గంలో సగం. న్యాయంగా ఎవరు గెలిచారన్నది తేల్చలేదు. తేల్చడం సాధ్యం కాదని ఆ తర్వాత విచారణలో బయటపడింది.

దక్షిణాఫ్రికా మాజీ న్యాయమూర్తి యోహాన్ క్రీగ్లర్ సంఘం 2008 సెప్టెంబర్‌లో ఇచ్చిన నివేదిక ఎన్నికల పని చేసేవాళ్లు చదవాల్సినది. ఓటర్ల జాబితాలో దాదాపు 12 లక్షల మంది చనిపోయినవాళ్ల పేర్లున్నాయి. రిగ్గింగ్ ఒక పక్షమే చేయలేదు. ఎవరి కంచుకోటలో వాళ్లు చేశారు, ఎందుకంటే అక్కడ అవతలి పక్షం ఏజెంట్లు కూర్చోలేకపోయారు. నియోజకవర్గం నుంచి నైరోబీకి వచ్చే దారిలో అంకెలు మారాయి, కాగితాలు కనిపించలేదు. అసలు ఫలితం ఏమిటో ఇక ఎవరూ నిర్ధారించలేరని సంఘం రాసింది. ఎన్నికల కమిషన్‌ను మొత్తంగా రద్దు చేశారు.

ఇక కుట్లు. మొదటిది బూత్ ఫారం. మన దగ్గర పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నవాళ్లకు 17సి ఫారం తెలుసు. ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి, ప్రిసైడింగ్ అధికారి సంతకంతో ఏజెంటు చేతికి ఇచ్చే కాగితం. కెన్యాలో దానిలాంటిది 34ఎ ఫారం. అక్కడ లెక్కింపు బూత్‌లోనే జరుగుతుంది కాబట్టి అందులో అభ్యర్థుల వారీ ఓట్లే ఉంటాయి. ఒక బూత్‌కు 700 మందికి మించి ఓటర్లుండరు. పోలింగ్ ముగిశాక పెట్టెను అక్కడే తెరిచి, ఒక్కో బ్యాలెట్ పైకెత్తి చూపిస్తూ లెక్కపెడతారు. ఫారం నింపి, ఏజెంట్లతో సంతకాలు చేయించి, ఒక ప్రతి బూత్ తలుపుకు అంటిస్తారు. ఓటరు గుర్తింపుకు వాడిన పరికరంతోనే ఆ ఫారాన్ని ఫొటో తీసి పంపుతారు. నియోజకవర్గంలో వాటన్నిటినీ కూడితే 34బి. రాజధానిలో కూర్చున్న కమిషన్ ఆ అంకెల్ని దిద్దడానికి వీల్లేదని 2017 జూన్‌లో అప్పీలు కోర్టు చెప్పింది. మారగల అంకె ఎక్కడ మారుతుందో ఆ సందును మూసేసిన తీర్పు అది.

కానీ అదే ఏడాది ఆగస్టులో ఏమైందో చూడండి. బూత్‌ల నుంచి అంకెలు మెసేజ్‌ల రూపంలో వచ్చి టీవీ తెరమీద పరుగెత్తాయి, వెనక ఫారాల ఫొటోలు రాలేదు. 11 వేలకు పైగా బూత్‌లు 3జీ సిగ్నల్ లేని చోట ఉన్నాయని కమిషన్ చెప్పింది. ఫారాలన్నీ చేతికి రాకుండానే ఫలితం ప్రకటించారు. పోలింగ్‌కు సుమారు వారం ముందు కమిషన్ సాంకేతిక విభాగాధికారి క్రిస్ మ్సాండో హత్యకు గురయ్యారు, ఆ నీడ ప్రతి అంకె మీదా పడింది. సుప్రీంకోర్టు సర్వర్లు చూపించమంటే కమిషన్ పూర్తిగా చూపించలేదు. కొన్ని ఫారాల మీద వాటర్‌మార్కు లేదు, వరస నంబరు లేదు. 2017 సెప్టెంబర్ 1న ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా నేతృత్వంలోని ధర్మాసనం 4-2 మెజారిటీతో పదవిలో ఉన్న అధ్యక్షుడు ఉహురు కెన్యట్టా గెలుపును రద్దు చేసింది. ఆఫ్రికాలో అలాంటిది అదే మొదటిసారి.

2022లో కమిషన్ చేసిన ముఖ్యమైన పని ఒక్కటే. 46,229 బూత్‌ల 34ఎ ఫారాల ఫొటోలను వచ్చినవి వచ్చినట్టు ఎవరైనా దింపుకునేలా వెబ్‌సైట్లో పెట్టేసింది. పత్రికలు, పార్టీలు, కాలేజీ పిల్లలు ఎవరికి వాళ్లు కూడుకున్నారు. కోర్టుకు వెళ్లాక రిజిస్ట్రార్ పర్యవేక్షణలో అసలు కాగితాలను వెబ్‌సైట్లోని ఫొటోలతో పోల్చారు. చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. ఏడుగురు కమిషనర్లలో నలుగురు తమ చైర్మన్ ప్రకటించిన ఫలితంతో తమకు సంబంధం లేదని మీడియా ముందు చెప్పారు. 2007లో అదే జరిగి ఉంటే రాత్రికి రాత్రే దేశం తగలబడేది. 2022లో ఆ నలుగురి మాట వెనక కాగితం లేదు, వెబ్‌సైట్లో ఫారం ఉంది. నన్నడిగితే శాంతి సభలకు పెట్టే ఖర్చులో సగం స్కానింగుకీ, సిగ్నల్ లేని బూత్‌లకు ఉపగ్రహ ఫోన్లకీ పెట్టడం మేలు.

రెండో కుట్టు కోర్టు గడియారం. 2010 ఆగస్టులో వచ్చిన రాజ్యాంగం ప్రకారం ఫలితం ప్రకటించిన 7 రోజుల్లో పిటిషన్ వేయాలి, 14 రోజుల్లో సుప్రీంకోర్టు తేల్చాలి. అంతవరకూ ప్రమాణ స్వీకారం ఉండదు. ఆ 2007 సాయంత్రం లాంటి చీకటి ప్రమాణం చట్టప్రకారం ఇక కుదరదు. ఈ గడువు సరిపోదని, లక్షల కాగితాలు పరిశీలించడానికి 14 రోజులు ఏమూలకని విమర్శ ఉంది, నిజమే. 2013లో ఆ హడావుడిలోనే అదనపు సాక్ష్యాలను ఆలస్యమైందని తోసిపుచ్చారు. అయినా నిరీక్షణకు చివరి తేదీ ఉండటం అనేది వీధిలో ఉన్న కుర్రాడి విషయంలో పెద్ద తేడా తెస్తుంది. ఎన్నాళ్లో తెలియని నిరీక్షణలోనే పుకార్లు పుడతాయి. ప్రధాన న్యాయమూర్తిని టీవీలో అందరూ చూస్తుండగా ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేసే పద్ధతి 2011లో విల్లీ ముతుంగాతో మొదలైంది. మా కోర్టు అనుకోవడానికి అది చాలా అవసరం.

మూడో కుట్టు గురించి జనం తక్కువ మాట్లాడతారు కానీ లోతుగా పనిచేసేది అదే. ఓడినవాడికి ఏమైనా మిగలాలి. పాత కెన్యాలో అధ్యక్ష పదవి పోతే రోడ్డు, ఆసుపత్రి, ఉద్యోగం, భూమి పట్టా అన్నీ పోయినట్టే. ఓటమిని తట్టుకోలేనంత ఖరీదు చేస్తే ఎవరూ ఓడిపోవడానికి ఒప్పుకోరు. కొత్త రాజ్యాంగం దేశాన్ని 47 కౌంటీలుగా చేసింది, ఎన్నికైన గవర్నర్లను పెట్టింది, జాతీయ ఆదాయంలో కనీసం 15 శాతం వాళ్లకివ్వాలని రాసింది. 2013లో ఒడింగా మళ్లీ ఓడాడు కానీ సుమారు సగం కౌంటీలు ప్రతిపక్షం చేతికి వచ్చాయి. కిసుము ఆసుపత్రికి మందుల కోసం నైరోబీ దయ మీద ఆధారపడాల్సిన పని తగ్గింది. అధ్యక్షుడు కావాలంటే పోలైన ఓట్లలో సగానికి మించడంతో పాటు సగానికి పైగా కౌంటీల్లో 25 శాతం చొప్పున తెచ్చుకోవాలి, కాబట్టి ఒక్క తెగను రెచ్చగొట్టి గెలవడం కుదరదు. దీంట్లోనూ లోపాలున్నాయి. కౌంటీలకు డబ్బు నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది, స్థానికంగా పెద్ద తెగ చిన్న తెగను అణిచే సమస్య కౌంటీ స్థాయికి దిగింది.

ఈ మూడూ లేకుండా, ఉన్నవీ ఒక్కొక్కటిగా మూసేస్తూ పోతే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. అక్కడ 1931 నుంచి వయోజన ఓటు హక్కు ఉంది, ప్రభుత్వాలు ఓటుతోనే మారేవి. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్న చట్టం. 1957లో ప్రధాని బండారనాయకే, తమిళ నేత చెల్వనాయకం ఒక ఒప్పందానికి వచ్చారు, ప్రాంతీయ మండళ్లకు కొన్ని అధికారాలు ఇవ్వాలని. ఏడాది తిరక్కుండా భిక్షువుల ఒత్తిడితో దాన్ని రద్దు చేశారు. 1982 డిసెంబర్‌లో ఎన్నికలకు బదులు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి పాత పార్లమెంటునే ఆరేళ్లు పొడిగించుకున్నారు. 1983 జులైలో తమిళుల మీద మారణకాండ. ఆగస్టులో ఆరో రాజ్యాంగ సవరణ తెచ్చి, వేర్పాటును కోరబోమని ప్రమాణం చేయనివారికి సభలో చోటు లేదన్నారు. తమిళుల తరఫున ఎన్నికైన ప్రధాన పార్టీ సభ్యులు సీట్లు కోల్పోయారు. జాఫ్నా కుర్రాడికి తన ఊరి ఎంపీ ఇక పార్లమెంటులో కనిపించలేదు, అడవిలో తుపాకీ పట్టినవాడు మాత్రం కనిపించాడు. ఆ యుద్ధం 2009 మే దాకా సాగింది. అదే 1950లలో మన దగ్గర భాష పేరుతో ఆందోళన తక్కువ తీవ్రంగా ఏమీ లేదు. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు, అల్లర్లలో కాల్పులు జరిగాయి. 1953 అక్టోబర్ 1కి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజ్యాంగం మూడో అధికరణం రాష్ట్రాన్ని అడగడానికి చట్టబద్ధమైన దారి ఉంచింది. ఆ దారిలోనే అరవై ఏళ్ల తర్వాత తెలంగాణ కూడా వచ్చింది. చాలా బాధలు, చాలా ప్రాణాలు పోయిన మాట నిజమే, కానీ ఎవరూ సైన్యం కట్టలేదు.

రాజధాని స్థాయి సంగతులు ఇవి. కింద, ఊళ్లో, ముందుగా కనిపించే సూచన మాట. రిఫ్ట్ వ్యాలీలో బయటివాళ్లను స్వాహిలీలో మడోఅడోఅ అనేవారు, మచ్చలు అని. మచ్చ అంటే తుడిచేయాల్సినది. కలుపు అన్నా అంతే, పీకేయాల్సినది. పొరుగువాణ్ని పేరుతో పిలవడం మానేసి మచ్చ, కలుపు, పురుగు అనడం సభల్లో, ఎఫ్ఎం రేడియోల్లో, ఫోన్ మెసేజ్‌లలో మొదలైందంటే తర్వాతి మెట్టు కరపత్రాలు: ఫలానా తేదీలోగా ఖాళీ చేయండి అని. ఆ తర్వాత జనం ముసలివాళ్లనూ పిల్లలనూ వేరే ఊళ్లకు పంపించేయడం. 2008 నాటి చట్టంతో ఏర్పాటైన జాతీయ సమైక్యతా కమిషన్ 2022 ఎన్నికలకు ముందు అలాంటి మాటల జాబితా ప్రకటించింది, మడోఅడోఅ అందులో ఉంది. మాటను నిషేధిస్తే ద్వేషం పోదు. కానీ ఫిర్యాదు రాసే పోలీసుకూ, మైకు ముందు నిల్చున్న నాయకుడికీ గీత ఎక్కడుందో తెలుస్తుంది.

ఊరి స్థాయి కమిటీలకు నమూనా ఈశాన్య కెన్యాలోని వాజీర్. 1990ల మొదట్లో అక్కడ సోమాలీ వంశాల మధ్య చంపుకోవడాలు నడుస్తుండేవి. డెఖా ఇబ్రహీం అబ్ది, మరికొందరు మహిళలు పని మొదలుపెట్టింది సంతలో. ఒక వంశం ఆడవాళ్లు మరో వంశం వాళ్లకు పాలు, కూరలు అమ్మని పరిస్థితి. ఎవరైనా ఎవరి దగ్గరైనా కొనొచ్చు, అమ్మొచ్చు అన్న ఒక్క నియమం పెట్టి, సంతలో రోజూ నిఘా వేసి, గొడవ లేస్తే అక్కడికక్కడే సర్దారు. తర్వాత పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు, 1993లో ఒప్పందం రాయించారు. ఆపై కలెక్టరు స్థాయి అధికారి, పోలీసు, పెద్దలు, మహిళలు, యువకులు ఒకే బల్ల దగ్గర కూర్చునే జిల్లా కమిటీ అయింది. పశువు దొంగతనం జరిగిందన్న కబురు రాగానే రెండు వంశాల మనుషులూ కలిసి ఒకే బండిలో ఆ చోటికి వెళ్తారు. ఒక్కరే వెళ్తే తిరిగొచ్చి చెప్పేది ఒక పక్షం మాట అవుతుంది. దేశమంతా తర్వాత ఇలాంటి కమిటీలు వచ్చాయి. ఎక్కడ చెడిపోయాయంటే, భత్యం మొదలై పార్టీ మనుషులు చేరినచోట.

ఇక పోలీసులు. 405 అంకె దగ్గరికి వస్తున్నాను. అంతర్యుద్ధం అంచున ఉన్న దేశంలో ప్రభుత్వం పేల్చే తూటా ముఠాలకు చేరికలు పెంచే అతి పెద్ద ప్రచారం. కెన్యా 2011లో పోలీసులపై స్వతంత్ర పర్యవేక్షణ సంస్థను చట్టంతో ఏర్పాటు చేసింది. 2017లోనూ కిసుములో, నైరోబీ బస్తీల్లో పోలీసు కాల్పుల్లో పదుల సంఖ్యలో చనిపోయారు. కోర్టు, ఫారం, కౌంటీ బాగుపడినంతగా ఇది బాగుపడలేదు. ఎన్నికల బందోబస్తుకు వెళ్లేవాళ్లకు నంబరు బ్యాడ్జీ కనిపించేలా ఉండాలి, ఎవరికి ఎన్ని తూటాలిచ్చారో రిజిస్టరులో రాయాలి, కాల్పుల ఆదేశం ఎవరిచ్చారో కాగితం ఉండాలి. ఇవి చిన్న పనులు. వీటికి పెద్ద బడ్జెట్లు అక్కర్లేదు, పైనున్నవాళ్లు ఒప్పుకోవాలి.

శిక్షల విషయంలో వాకి సంఘం ఒక తెలివైన పని చేసింది. అనుమానితుల పేర్లు కవరులో పెట్టి సీలు వేసి అన్నన్‌కు ఇచ్చింది. గడువులోగా దేశంలోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టకపోతే అది అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు వెళ్తుందని రాసింది. 2009లో పార్లమెంటు ఆ బిల్లును ఓడించింది, కవరు ఆ కోర్టు ఉన్న హేగ్‌కు వెళ్లింది. కేసులు చివరికి నిలబడలేదు. ఉహురు కెన్యట్టా మీద అభియోగాలు 2014లో వెనక్కి తీసుకున్నారు, రూటో మీద కేసు 2016లో ముగించారు. విచిత్రంగా ఆ కేసులే 2008లో ఎదురెదురుగా నిలబడిన కికుయు, కలెంజిన్ వర్గాల నాయకులైన ఈ ఇద్దరినీ 2013లో ఒకే కూటమిలోకి తెచ్చాయి, రిఫ్ట్ వ్యాలీ ప్రశాంతంగా ఉంది. దీన్ని సయోధ్య అనలేం. ఇద్దరు పెద్దమనుషుల అవసరం అది. బాధితుల్లో చాలామందికి భూమీ దక్కలేదు, న్యాయమూ దక్కలేదు.

2013లో ఇంకో తప్పు జరిగింది, మంచి ఉద్దేశంతోనే. శాంతి శాంతి అంటూ మీడియా ఎంత జాగ్రత్తపడిందంటే, ఓటరు గుర్తింపు యంత్రాలు పనిచేయకపోయినా గట్టిగా అడగలేదు. ప్రశ్న అడిగినవాణ్ని శాంతికి శత్రువుగా చూశారు. ఆ అడగని ప్రశ్నలే 2017లో పేలాయి. నిశ్శబ్దాన్ని శాంతి అనుకోకండి.

వచ్చే ఎన్నిక 2027 ఆగస్టులో. ఇప్పుడు చూడాల్సినవి పాత అతుకులు ఊడుతున్నాయా అన్నది. 2023 జనవరిలో చైర్మన్ పదవీకాలం ముగిశాక ఎన్నికల కమిషన్ రెండేళ్లకు పైగా కమిషనర్లు లేకుండా ఖాళీగా ఉంది. 2025 జులైలో గానీ కొత్తవాళ్లు ప్రమాణం చేయలేదు. నియోజకవర్గాల హద్దులు సవరించాల్సిన 2024 మార్చి గడువు దాటిపోయింది. 2024 జూన్‌లో పన్నుల బిల్లు మీద వీధుల్లోకి వచ్చిన యువత తెగ పేరుతో రాలేదు, అది మంచి సంగతే, కానీ వాళ్లమీద పేలిన తూటాలకు జవాబు చెప్పినవాళ్లు తక్కువ. ఒడింగా 2025 అక్టోబర్‌లో కేరళలో చనిపోయారు. 2007లో జనాన్ని వీధిలోకి పిలిచిందీ, 2022లో కోర్టు మాట విన్నదీ ఆయనే. ఆయన మాటకు ఆగే జనం ఇప్పుడు ఎవరి మాటకు ఆగుతారో తెలియదు కాబట్టి, ఈసారి 34ఎ ఫారాలు ఆ రాత్రే వెబ్‌సైట్లోకి ఎక్కడం మునుపటికన్నా ఎక్కువ అవసరం.